డ్రోన్ల కాలంలో కాల్పుల విరమణ

స్మారకోపన్యాస పాఠం - డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయ్‌పూర్

1. విరమణ, దాని వెనుక ఉన్న నమ్మకం

పోరాడుతున్న రెండు పక్షాలు ఒకరి మీద ఒకరు ఆయుధం ఎత్తకూడదని ఒప్పుకోవడమే కాల్పుల విరమణ. దాని తర్వాత శాంతి ఒప్పందం కుదరవచ్చు, కుదరకపోవచ్చు. భూమి ఎవరిదన్న తగవు తేలకపోయినా విరమణ కుదురుతుంది, దశాబ్దాల పాటు నిలుస్తుంది కూడా. కొరియాలో 1953 జూలై 27న సంతకాలైన యుద్ధవిరామం ఇప్పటికీ అమల్లోనే ఉంది. ఆ దేశపు రెండు భాగాల మధ్య శాంతి ఒప్పందం మాత్రం ఈనాటికీ లేదు.

ఈ విషయంలో అంతర్జాతీయ చట్టానికి పునాది 1907 నాటి హేగ్ నిబంధనలు. యుద్ధవిరామం అంటే పరస్పర అంగీకారంతో సైనిక చర్యలను నిలిపివేయడమని 36వ నిబంధన చెబుతుంది. ఒక పక్షం తీవ్రంగా ఉల్లంఘిస్తే రెండో పక్షం ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చని 40వది చెబుతుంది. ఎవరో ఒక వ్యక్తి సొంత నిర్ణయంతో ఉల్లంఘిస్తే అతణ్ని శిక్షించమని, అవసరమైతే పరిహారం ఇవ్వమని అడిగే హక్కే ఉంటుంది తప్ప, దాన్ని సాకుగా చూపి మళ్లీ యుద్ధానికి దిగే హక్కు ఉండదని 41వది చెబుతుంది.

ఈ మూడింటికీ ఆధారం ఒక నమ్మకం: తుపాకి పేలితే ఎవరు పేల్చారో, ఎక్కడినుంచి పేల్చారో తెలుస్తుందని. సరిహద్దు గీతకు అటూ ఇటూ మనుషులు నిలబడి యుద్ధం చేసిన రోజుల్లో ఆ నమ్మకం చాలావరకు నిజమే. డ్రోన్ వచ్చాక అది సడలింది. ఎగరేసిన చెయ్యి కనపడదు, గీత దానికి అడ్డు రాదు, కూలిన తర్వాత కూడా అది ఎవరిదో వెంటనే తేలదు. అందువల్ల తుపాకులనూ ఫిరంగులనూ దృష్టిలో పెట్టుకుని రాసిన విరమణ ఒప్పందాలు డ్రోన్ల కాలానికి చాలవు. డ్రోన్‌ను పేరు పెట్టి, హద్దు పెట్టి, దర్యాప్తు పద్ధతి పెట్టి ఒప్పందంలో రాసుకోవలసి ఉంది. ఈ అవసరం 2025 మే నెలలో ప్రాణనష్టం రూపంలో తెలిసివచ్చింది.

2. కశ్మీర్ గీత: 1949 నుంచి 2021 దాకా

మొదటి కశ్మీర్ యుద్ధంలో కాల్పుల విరమణ 1949 జనవరి 1న మొదలైంది. అదే ఏడాది జూలై 27న కరాచీలో రెండు దేశాల సైనిక ప్రతినిధులు సంతకాలు చేసి విరమణ రేఖను ఖరారు చేశారు. ఐక్యరాజ్యసమితి పరిశీలకులు దాని మీద నిఘా పెట్టారు. 1971 యుద్ధం తర్వాత 1972 జూలై 2న సిమ్లా ఒప్పందం కుదిరింది. ఆ డిసెంబర్‌లో కొత్త గీతను పటాల మీద గుర్తించారు. దాదాపు 740 కిలోమీటర్ల ఆ గీతనే ఇప్పుడు నియంత్రణ రేఖ అంటున్నారు.

ఒప్పందంలోని మాటలు అస్పష్టంగా ఉంటే ఎంత మూల్యం చెల్లించాలో ఈ గీతే చూపించింది. పటంలో ఎన్‌జే 9842 అనే బిందువు దగ్గర గీత ఆగిపోయింది. అక్కడినుంచి ఉత్తరంగా హిమానీనదాల వైపు అని మాత్రమే 1949 పత్రంలో రాశారు. మనుషులు ఉండలేని చోటు కాబట్టి అంతకన్నా వివరం అక్కరలేదనుకున్నారు. ఆ ఖాళీలోనే 1984 ఏప్రిల్ 13న సియాచిన్‌లో ఆపరేషన్ మేఘదూత్ మొదలైంది. అప్పటి నుంచి ఆ మంచులో తూటాల కన్నా చలీ, హిమపాతాలూ ఎక్కువ మందిని బలి తీసుకున్నాయి. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు మీద మంచుచరియ విరిగిపడి చనిపోయిన మద్రాస్ రెజిమెంట్ సైనికుల్లో కర్నూలు జిల్లా సిపాయి ఒకరున్నారు. ఒప్పందంలో వదిలేసిన ఒక్క వాక్యం 67 ఏళ్ల తర్వాత ఒక తెలుగు ఇంటిని తాకింది.

నియంత్రణ రేఖ మీద కాల్పులు ఆపడానికి తర్వాత రెండు పెద్ద ప్రయత్నాలు జరిగాయి. మొదటిది 2003 నవంబర్ 26న, రంజాన్ పండుగ నాడు అమల్లోకి వచ్చింది. కొన్నేళ్లు బాగానే నిలిచి, తర్వాత క్రమంగా చెదిరింది. 2020లో భారత ప్రభుత్వ లెక్క ప్రకారం 5,000కు పైగా ఉల్లంఘనలు జరిగాయి. రెండోది 2021 ఫిబ్రవరి 25 నాటి ఉమ్మడి ప్రకటన. దాని తర్వాత సరిహద్దు గ్రామాల్లో నాలుగేళ్లపాటు రైతులు కంచె పక్క పొలాలు దున్నుకున్నారు, బడులు నడిచాయి.

ఈ రెండిటినీ నడిపిన యంత్రాంగం ఒకటే. రెండు సైన్యాల్లోనూ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్ అనే అధికారి ఉంటారు. పొట్టిగా డీజీఎంవో అంటారు. ఆ ఇద్దరి కార్యాలయాల మధ్య హాట్‌లైన్ ఉంది, వారం వారం మంగళవారం నాడు మాట్లాడుకునే ఆనవాయితీ ఉంది. రాయబారులు మాట్లాడుకోవడం మానేసిన రోజుల్లోనూ ఆ ఫోను పనిచేసింది.

గగనతలానికి వేరే ఒప్పందం ఉంది. 1991 ఏప్రిల్ 6న రెండు దేశాలూ సంతకాలు చేసిన ఆ ఒప్పందం ప్రకారం యుద్ధ విమానాలు, బాంబర్లు, నిఘా విమానాలు, ఆయుధాలున్న హెలికాప్టర్లు సరిహద్దుకు 10 కిలోమీటర్ల లోపు ఎగరకూడదు. ఆయుధాలు లేని రవాణా విమానాలకు మాత్రం 1,000 మీటర్ల దూరం దాకా రావడానికి సడలింపు ఉంది. అప్పటికి సరిహద్దు మీద ఎగిరేవన్నీ పైలట్ కూర్చున్న విమానాలే. అందుకే ఆ పత్రంలో డ్రోన్ ప్రసక్తి లేదు. సియాచిన్ వాక్యంలాగే అది కూడా ఒక ఖాళీ.

ఆ ఖాళీలోంచి మొదట వచ్చింది స్మగ్లింగ్. పంజాబ్ సరిహద్దు దాటి హెరాయిన్ పొట్లాలు, పిస్తోళ్లు మోసుకొచ్చే చిన్న డ్రోన్లు పెరిగాయి. 2024లో ఒక్క పంజాబ్ సరిహద్దులోనే బీఎస్ఎఫ్ 290కి పైగా డ్రోన్లు పట్టుకుంది. తర్వాతి మెట్టు దాడి. 2021 జూన్ 27 తెల్లవారుజామున జమ్మూలోని వాయుసేన స్థావరం మీద రెండు పేలుడు పదార్థాలు డ్రోన్ల నుంచి పడ్డాయి. ఇద్దరు సిబ్బందికి స్వల్ప గాయాలయ్యాయి. దేశంలో సైనిక స్థావరం మీద జరిగిన మొదటి డ్రోన్ దాడి అది. అప్పటికి ఫిబ్రవరి ఉమ్మడి ప్రకటన వచ్చి నాలుగు నెలలే అయింది.

3. 2025 మే: నాలుగు రోజులు

2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మృతుల్లో రాయ్‌పూర్ వ్యాపారి ఒకరు. విశాఖపట్నానికి చెందిన ఒకరు, నెల్లూరు జిల్లా కావలికి చెందిన ఒకరు కూడా ఉన్నారు. నియంత్రణ రేఖకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఊళ్లివి. రాయ్‌పూర్ నుంచి విజయనగరం దాకా సాగే రైలు మార్గం పొడుగునా ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ దుఃఖం రెండు చివర్ల నుంచీ వచ్చింది.

మే 7 వేకువన 1 గంట 5 నిమిషాల నుంచి ఒకటిన్నర దాకా భారత సైన్యం ఆపరేషన్ సిందూర్ పేరుతో బహావల్‌పూర్, మురీద్కే, ముజఫరాబాద్, కోట్లీ సహా తొమ్మిది చోట్ల ఉగ్రవాద స్థావరాలపై దాడి చేసింది. అదే రోజు దేశమంతటా పౌర రక్షణ విన్యాసాలు జరిగాయి. ఛత్తీస్‌గఢ్‌లో ఉక్కు కర్మాగారం ఉన్న దుర్గ్-భిలాయ్, తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్, విశాఖపట్నం అందులో ఉన్నాయి. సైరన్ మోగితే దీపాలార్పి ఎక్కడ తలదాచుకోవాలో 1971 తర్వాత పుట్టిన తరానికి నేర్పడం అదే మొదలు.

పాకిస్థాన్ వైపు నుంచి ఫిరంగి గుళ్లు నియంత్రణ రేఖ దాటి పడ్డాయి. పూంఛ్ పట్టణం అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయింది. అక్కడ పిల్లలతో సహా పౌరులు మరణించారు. మే 7 రాత్రి శ్రీనగర్ నుంచి భుజ్ దాకా 15 ఊళ్లలోని సైనిక స్థావరాల మీదికి డ్రోన్లు, క్షిపణులు వచ్చాయని భారత ప్రభుత్వం ప్రకటించింది. మే 8 రాత్రి లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు చొరబడ్డాయని తర్వాతి రోజు అధికారులు వివరించారు. కూలిన వాటి శకలాలను చూసి, అవి తుర్కియేలో తయారైన సోంగర్ రకమని ప్రాథమికంగా తేల్చారు. గగనతల రక్షణ వ్యవస్థలను పరీక్షించి వాటి వివరాలు తెలుసుకోవడమే ఉద్దేశం కావచ్చని కూడా చెప్పారు. ఆ నెలలో పాకిస్థాన్ వాడినవాటిలో ఆయుధాలు లేని డ్రోన్లూ ఉన్నాయని త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ జూలైలో అన్నారు. భారత్ వైపు నుంచి హారోప్ వంటి ఆత్మాహుతి డ్రోన్లు వెళ్లాయి. లాహోర్‌లోని గగనతల రక్షణ రాడార్‌ను పనికిరాకుండా చేశామని మే 8న భారత్ ప్రకటించింది.

ఎన్ని డ్రోన్లు కూల్చినా ఒక్కటి తప్పించుకుంటే చాలు. మే 9 రాత్రి పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ జిల్లా ఖాయీ ఫేమే కీ గ్రామంలో ఒక ఇంటి మీద డ్రోన్ పడింది. ఒకే కుటుంబంలో ముగ్గురికి కాలిన గాయాలయ్యాయి. వారిలో ఒక మహిళ లుధియానా ఆస్పత్రిలో కన్నుమూసింది. ఆమె మరణవార్త వచ్చేనాటికి విరమణ కుదిరి మూడు రోజులైంది.

మే 8-9 రాత్రి నియంత్రణ రేఖ దగ్గర శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ ప్రాణాలర్పించారు. విరమణ కుదిరిన మర్నాడు, మే 11న, సొంత తండాలో ఆయనకు సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. పాకిస్థాన్ తన వైపు 40 మంది పౌరులు, 11 మంది సైనికులు చనిపోయారని ప్రకటించింది.

మే 10న భారత వాయుసేన రావల్పిండిలోని నూర్‌ఖాన్ సహా పలు వైమానిక స్థావరాలను దెబ్బతీసింది. ఆ మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు పాకిస్థాన్ డీజీఎంవో భారత డీజీఎంవో లెఫ్టినెంట్ జనరల్ రాజీవ్ ఘాయ్‌కి ఫోన్ చేశారు. సాయంత్రం 5 గంటల నుంచి భూమి మీద, గాలిలో, సముద్రంలో అన్ని కాల్పులూ, సైనిక చర్యలూ ఆపాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. అయినా ఆ రాత్రే శ్రీనగర్ ఆకాశంలో డ్రోన్లు కనిపించాయి. రాత్రి 11 గంటల ప్రాంతంలో విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ అవగాహన ఉల్లంఘన జరిగిందని ప్రకటించారు. మే 12న డీజీఎంవోలు మళ్లీ మాట్లాడుకుని, ఒక్క తూటా కూడా పేలకూడదని, సరిహద్దు నుంచి బలగాల తగ్గింపును వెంటనే పరిశీలించాలని అనుకున్నారు. ఆ సాయంత్రం కూడా సాంబా ప్రాంతంలో అనుమానాస్పద డ్రోన్లు కనిపించాయని సైన్యం తెలిపింది. తర్వాత పరిస్థితి చల్లబడింది. ఆ అవగాహనకు గడువు తేదీ ఏదీ లేదని మే 18న సైన్యం స్పష్టం చేసింది.

ఈ క్రమంలో గమనించదగ్గది ఒకటుంది. విరమణ మొదలైన గంటల్లో దాన్ని ప్రమాదంలో పడేసినవాటిలో డ్రోన్లు ముందున్నాయి. పదాతిదళం ఎక్కడా గీత దాటలేదు.

4. డ్రోన్ పనితీరు, దాన్ని ఆపే విధానం

యుద్ధంలో వాడే డ్రోన్లను పని బట్టి మూడు తరగతులుగా చూడవచ్చు. మొదటిది నిఘా డ్రోన్. ఎత్తున గంటల తరబడి తిరుగుతూ కింద జరిగేదాన్ని కెమెరాతో పంపుతుంది. బస్తర్ అడవుల మీద నిఘాకు భిలాయ్ దగ్గరి నందిని ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఎగిరినవి ఈ తరగతివే. హైదరాబాద్‌లో అదానీ-ఎల్బిట్ కర్మాగారంలో తయారై 2024 జనవరి 10న నౌకాదళానికి అందిన దృష్టి-10 కూడా ఇదే రకం. అది 36 గంటలు గాలిలో ఉండగలదు, 450 కిలోల బరువు మోయగలదు. రెండోది ఆయుధాలు మోసి దాడి చేసి తిరిగివచ్చే డ్రోన్. తుర్కియే తయారుచేసే బైరక్తార్ టీబీ2 దీనికి పేరుపడ్డ ఉదాహరణ. మూడోది తానే బాంబై లక్ష్యం మీద పడేది. ఇజ్రాయెల్ హారోప్, ఇరాన్ షాహెద్ ఈ కోవలోవి. వీటన్నిటి కన్నా చిన్నది, ముందు కెమెరా చూపించే దృశ్యాన్ని కళ్లద్దాల్లో చూస్తూ నడిపే ఎఫ్‌పీవీ డ్రోన్. ఉక్రెయిన్ యుద్ధంలో వందల డాలర్ల ఖరీదు చేసే ఇలాంటివి లక్షల డాలర్ల ట్యాంకులను తగలబెట్టాయి.

చాలా డ్రోన్లకు రెండు ఆధారాలు కావాలి: నడిపేవాడితో రేడియో సంబంధం, తానెక్కడుందో చెప్పే ఉపగ్రహ సంకేతం. ఈ రెంటిలో ఏదో ఒకటి తెంచితే అది దారి తప్పవచ్చు, కూలవచ్చు. ఈ తెంచే పనినే జామింగ్ అంటారు. దొంగ సంకేతం పంపి దారి మళ్లించడం మరో పద్ధతి. జామింగ్‌కు విరుగుడుగా ఉక్రెయిన్‌లో రెండు పక్షాలూ సన్నని ఆప్టికల్ ఫైబర్ తీగను విడుస్తూ పోయే డ్రోన్లు వాడుతున్నాయి. వాటికి రేడియోతో పని లేదు కాబట్టి జామర్ వాటిని ఆపలేదు.

రక్షణ పొరలు పొరలుగా ఉండాలి. దూరాన రాడార్, దగ్గర కెమెరాలు, రేడియో సంకేతాలను పసిగట్టే పరికరాలు ముందు గుర్తిస్తాయి. తర్వాత జామర్, ఆ తర్వాత తుపాకి, చివరికి క్షిపణి. మే 2025లో సరిహద్దు మీద 1960లలో కొన్న ఎల్-70 విమాన విధ్వంసక తుపాకులు, అధునాతనం చేసుకున్న రూపంలో, చాలా డ్రోన్లను కూల్చాయి. పెద్ద లక్ష్యాలకు ఆకాశ్ క్షిపణి పనిచేసింది. ఆకాశ్ హైదరాబాద్ బిడ్డ. దాని రూపకల్పన అక్కడి రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌లో జరిగింది, తయారీ భారత్ డైనమిక్స్‌లో జరుగుతోంది. రాడార్లనూ తుపాకులనూ ఒకే తెరమీద కలిపే ఆకాశ్‌తీర్ వ్యవస్థను భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసింది. యుద్ధానికి దాదాపు నెల ముందే, 2025 ఏప్రిల్ 13న, కర్నూలు దగ్గరి డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రంలో 30 కిలోవాట్ల లేజర్ ఆయుధం డ్రోన్లను కాల్చి కూల్చింది. దాన్ని రూపొందించినది హైదరాబాద్‌లోని చెస్ అనే సంస్థ.

లేజర్ మీద ఇంత శ్రద్ధకు కారణం ఖర్చు. ఒక షాహెద్ డ్రోన్ ధర 20,000 నుంచి 50,000 డాలర్ల మధ్య అని అంచనా. దాన్ని కూల్చే పేట్రియాట్ క్షిపణి ధర సుమారు 40 లక్షల డాలర్లు. చవకైన డ్రోన్లను గుంపులుగా పంపి, ఎదుటివాడి ఖరీదైన క్షిపణులు అయిపోయేలా చేసి, అప్పుడు అసలు దెబ్బ కొట్టడం ఇప్పుడు అందరికీ తెలిసిన ఎత్తుగడ. ఆయుధం లేని డ్రోన్ కూడా ఈ ఎత్తుగడలో ఆయుధమే. దాన్ని చూసి రాడార్ వెలిగితే ఆ రాడార్ ఎక్కడుందో శత్రువుకు తెలిసిపోతుంది.

5. కరాబఖ్: విరమణ కుదిరినా నిలవని చోటు

ఈ ఎత్తుగడను ప్రపంచం మొదట స్పష్టంగా చూసింది నగోర్నో-కరాబఖ్‌లో. అజర్‌బైజాన్ భూభాగంలో అర్మేనియన్లు నివసించిన కొండ ప్రాంతమది. సోవియట్ యూనియన్ కూలిన రోజుల్లో మొదలైన మొదటి యుద్ధం 1994 మే 12 నాటి విరమణతో ఆగింది. అక్కడా తగవు తీరలేదు. గీతకు అటూ ఇటూ కందకాలు తవ్వుకుని పాతికేళ్లు కాపలా కాశారు.

2020 సెప్టెంబర్ 27న అజర్‌బైజాన్ మళ్లీ యుద్ధానికి దిగింది. పాత ఏఎన్-2 విమానాలను పైలట్ లేకుండా నడిచేలా మార్చి ముందు పంపింది. వాటిని కూల్చడానికి అర్మేనియన్ రాడార్లు పనిచేయడం మొదలెట్టగానే హారోప్‌లు, టీబీ2లు వాటిమీద పడ్డాయి. గగనతల రక్షణ కూలాక ట్యాంకులకు, ఫిరంగులకు, కందకాలకు పైనుంచి రక్షణ లేకుండా పోయింది. 44 రోజుల్లో రెండు వైపులా కలిపి 6,500 మందికి పైగా సైనికులు మరణించారు.

ఆ 44 రోజుల్లో అక్టోబర్ 10న మాస్కో చొరవతో, 18న ఫ్రాన్స్ చొరవతో, 26న వాషింగ్టన్ చొరవతో మూడుసార్లు విరమణ అమల్లోకి వచ్చింది. ఒక్కటీ నిలవలేదు. పైచేయి సాధిస్తున్న పక్షానికి ఆగే అవసరం కనపడలేదు. నవంబర్ 8న కొండ మీది షుషా పట్టణం అజర్‌బైజాన్ వశమయ్యాక, 9న రష్యా మధ్యవర్తిత్వంతో అజర్‌బైజాన్ అధ్యక్షుడు అలియెవ్, అర్మేనియా ప్రధాని పషిన్యాన్, రష్యా అధ్యక్షుడు పుతిన్ తొమ్మిది అంశాల ప్రకటన మీద సంతకాలు చేశారు. 1,960 మంది రష్యన్ శాంతి సైనికులు ఐదేళ్ల గడువుతో వచ్చారు. ఏ జిల్లా ఏ తేదీకి ఖాళీ చేయాలో, కరాబఖ్‌ను అర్మేనియాతో కలిపే లాచిన్ మార్గం ఎంత వెడల్పుండాలో రాశారు. యుద్ధాన్ని తేల్చిన డ్రోన్ గురించి మాత్రం ఒక్క మాట రాయలేదు.

అయితే ఆచరణలో ఒక మంచి ప్రయోగం జరిగింది. 2021 జనవరి 30న అగ్దాం జిల్లాలో రష్యా, తుర్కియే ఉమ్మడి పరిశీలన కేంద్రం తెరిచాయి. రెండు దేశాల నుంచీ 60 మంది చొప్పున సిబ్బంది డ్రోన్ల సాయంతో విరమణ అమలును కనిపెట్టారు. యుద్ధానికి పనికొచ్చిన కన్నే కాపలాకు కూడా పనికొస్తుందని ఆ కేంద్రం చూపించింది.

ఆ కన్ను చూడగలదు గాని ఆపలేదు. 2022 డిసెంబర్‌లో లాచిన్ మార్గం మూతపడింది. 2023 సెప్టెంబర్ 19న అజర్‌బైజాన్ దాడికి దిగి ఒక్కరోజులో కరాబఖ్‌ను పూర్తిగా స్వాధీనం చేసుకుంది. లక్ష మందికి పైగా అర్మేనియన్లు ఇళ్లు వదిలి పోయారు. పరిశీలన కేంద్రం 2024 ఏప్రిల్‌లో మూతపడింది. శాంతి సైనికులు గడువుకు ముందే జూన్‌లో వెళ్లిపోయారు. విరమణ ఇచ్చిన మూడేళ్లలో రాజకీయ పరిష్కారం వెతకకపోతే, చూసే యంత్రాలు ఎన్ని ఉన్నా నిరుపయోగమని ఆ శరణార్థుల వరస చాటింది.

6. ఉక్రెయిన్: డ్రోన్‌ను పత్రంలో రాసిన అనుభవం

డ్రోన్‌ను విరమణ పత్రంలోకి తెచ్చిన ఉదాహరణ తూర్పు ఉక్రెయిన్‌లో ఉంది. ఉక్రెయిన్‌కూ రష్యా అండ ఉన్న వేర్పాటువాదులకూ మధ్య కుదిరిన 2014 సెప్టెంబర్ 19 నాటి మిన్‌స్క్ మెమొరాండం గీతకు రెండు వైపులా కలిపి 30 కిలోమీటర్ల భద్రతా మండలాన్ని ఏర్పరచి, దానిపైన యుద్ధ విమానాలను, విదేశీ డ్రోన్లను నిషేధించింది. యూరప్ భద్రత, సహకార సంస్థ పరిశీలకుల డ్రోన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ సంస్థ ఆస్ట్రియా తయారీ క్యామ్‌కాప్టర్లను ఎగరేసింది. నేల మీద పరిశీలకులను పోనివ్వని చోట దాచిన ఫిరంగులను అవి పైనుంచి పట్టుకున్నాయి. అందుకే వాటిని పదేపదే జామ్ చేశారు, కొన్నిటిని కూల్చారు. కూల్చినవారికి శిక్ష ఉండేలా పత్రంలో రాయలేదు.

2020 జూలైలో చేర్చిన అదనపు చర్యలు ఇరుపక్షాల అన్ని రకాల వైమానిక వాహనాలనూ నిషేధించాయి. కొన్ని నెలలు కాల్పులు బాగా తగ్గాయి. 2021 అక్టోబర్ 26న ఉక్రెయిన్ టీబీ2తో వేర్పాటువాదుల ఫిరంగి ఒకదాన్ని ధ్వంసం చేసింది. ముందు తమ సైనికుణ్ని చంపిన ఫిరంగి అదని, ఆత్మరక్షణ అని ఉక్రెయిన్ వాదించింది. ఒప్పందం ఉల్లంఘించారని రష్యా వాదించింది. నిషేధం రాసినా ఆత్మరక్షణకు హద్దు ఎక్కడో రాయకపోతే వివాదం మిగులుతుందని దీనివల్ల తెలుస్తోంది.

2022 నాటి రష్యా దండయాత్ర తర్వాత యుద్ధం స్థాయే మారింది. 2025 జూన్ 1న ఉక్రెయిన్ లారీల్లో దాచి తీసుకెళ్లిన 117 డ్రోన్లతో సరిహద్దుకు వందల, వేల కిలోమీటర్ల లోపలి రష్యన్ వైమానిక స్థావరాలను దెబ్బతీసింది. సరిహద్దు గీత దగ్గర మాత్రమే కాపలా కాసే విరమణ ఇలాంటి దాడిని పట్టుకోలేదు.

7. విరమణకు డ్రోన్ తెచ్చే చిక్కులు

ఈ మూడు అనుభవాలనూ కలిపి చూస్తే చిక్కులు ఐదు.

ఒకటి, ఎవరు పంపారన్నది. డ్రోన్ సైన్యానిదా, ఉగ్రవాద ముఠాదా, స్మగ్లర్‌దా అన్నది శకలాలు పరీక్షిస్తే గాని తెలియదు. విడి భాగాలు అంగట్లో దొరికేవే. హేగ్ 41వ నిబంధన వ్యక్తి చేసిన తప్పును రాజ్యం చేసిన తప్పు నుంచి వేరు చేసింది. ఆ తేడా తేలేలోపు ప్రతిదాడి జరిగిపోయే ప్రమాదం ఉంది.

రెండు, ఏది ఉల్లంఘన అన్నది. కెమెరా మాత్రమే ఉన్న డ్రోన్ గీత దాటితే అది కాల్పులు కాదు. సైనిక చర్య అవునా కాదా అన్నది ఎవరికి తోచినట్టు వారు చెప్పుకోవచ్చు.

మూడు, వేగం. 3 గంటల 35 నిమిషాలకు ఫోన్ వస్తే 5 గంటలకు విరమణ మొదలైంది. 740 కిలోమీటర్ల గీత మీది ప్రతి దళానికీ, వెనకనున్న ప్రతి డ్రోన్ బృందానికీ ఆదేశం చేరడానికి ఉన్న వ్యవధి గంటన్నర కన్నా తక్కువ. అప్పటికే ఎగిరిన డ్రోన్, సంబంధం తెగినా ముందు చెప్పిన దారినే పోవచ్చు.

నాలుగు, దూరం. ఇది ఉక్రెయిన్ లారీలు చూపించినదే.

ఐదు, చౌకదనం. పైలట్ ప్రాణం పణంగా పెట్టాలంటే ఏ ప్రభుత్వమైనా రెండుసార్లు ఆలోచిస్తుంది. డ్రోన్ పోతే డబ్బు మాత్రమే పోతుందన్న ధీమా ఉల్లంఘనను సులువు చేస్తుంది. ఆ ధీమా పంపినవాడిదే. పడిన చోట ఉన్నది ఖాయీ ఫేమే కీ లాంటి ఊరు.

8. ఒప్పందంలో ఉండవలసినవి

పై చిక్కులకు తగిన అంశాలను విరమణ పత్రంలో రాసుకోవడం అసాధ్యమేమీ కాదు. చాలావాటికి పూర్వ ఉదాహరణలు ఉన్నాయి.

మొదట నిర్వచనం. ఆయుధం ఉన్నా లేకున్నా, సైన్యానిదైనా కాకున్నా, అవతలి నుంచి గీత దాటిన మానవరహిత వాహనం ఉల్లంఘనే అని రాయాలి. 1991 గగనతల ఒప్పందానికి అనుబంధంగా దీన్ని చేర్చవచ్చు. యుద్ధ విమానాలకు పెట్టినట్టే డ్రోన్లకు కూడా గీతకు రెండు వైపులా దూరం పరిమితి, దాంతోపాటు ఎత్తు పరిమితి పెట్టాలి.

తర్వాత బాధ్యత. తన నేల మీదినుంచి ఎగిరిన డ్రోన్‌కు, పంపింది ఎవరైనా సరే, ఆ దేశమే జవాబు చెప్పాలి. స్మగ్లర్ పంపాడని తప్పించుకోకుండా, పట్టుకుని శిక్షించే పూచీ దానిదే కావాలి. శిక్ష మాట హేగ్ 41వ నిబంధనలోనే ఉంది.

మూడోది దర్యాప్తు. కూలిన డ్రోన్ ఫొటోలు, భాగాల నంబర్లు, ఎగిరిన దారి వివరాలు నిర్ణీత గంటల్లో హాట్‌లైన్ ద్వారా అవతలికి పంపాలి. జవాబు రావడానికి గడువు ఉండాలి. ఆ గడువు తీరేదాకా ప్రతిదాడి చేయకూడదు. మంగళవారం ఫోను అలవాటు ఉన్న చోట ఈ పద్ధతి వేళ్లూనుకోవడం తేలిక. డీజీఎంవోల పక్కన గగనతల రక్షణ అధికారులకూ నేరుగా మాట్లాడుకునే వీలుండాలి.

నాలుగోది సమయం. విరమణ మొదలయ్యే గంటకు ముందే డ్రోన్లన్నీ నేలకు దింపాలని, ఆ తర్వాత కొన్ని గంటలు ఏదీ ఎగరకూడదని రాయాలి. ఆకాశం ఖాళీగా ఉన్న ఆ గంటల్లో ఏది కనిపించినా అనుమానానికి తావుండదు.

ఐదోది పరిశీలన. తూర్పు ఉక్రెయిన్‌లోనూ అగ్దాంలోనూ జరిగినట్టు, ఇరుపక్షాలూ ఒప్పుకున్న డ్రోన్లతో గీతను కనిపెట్టవచ్చు. వాటిని జామ్ చేయడం, కూల్చడం కూడా ఉల్లంఘనే అని స్పష్టంగా రాయాలి. మిన్‌స్క్ లోపం అక్కడే ఉంది. భారత్ మూడో పక్షం జోక్యాన్ని ఒప్పుకోదు కాబట్టి, ఇక్కడ రెండు సైన్యాల ఉమ్మడి పరిశీలనే సాధ్యమైన దారి.

ఆరోది గీత పక్కన బతికే మనుషులు. జమ్మూ ప్రాంతపు సరిహద్దు జిల్లాల్లో 14,460 బంకర్లు కట్టడానికి కేంద్రం గతంలోనే అనుమతి ఇచ్చింది. పూంఛ్ వంటి పట్టణాల్లో, పంజాబ్ గ్రామాల్లో కూడా అవి కావాలి. డ్రోన్ శకలం పడి ఇల్లు, పశువు, మనిషి పోతే పరిహారం ఎంత, ఎన్ని రోజుల్లో అన్నది ముందే నిర్ణయమై ఉండాలి. ఎవరి డ్రోన్ అన్న విచారణతో దానికి ముడి పెట్టకూడదు.

ఈ ఆరింటిలో ఏ ఒక్కటీ కశ్మీర్ తగవును తీర్చదు. తగవు తీరేదాకా మనుషులు చావకుండా చూడటం విరమణ పని. 1949లో రాసిన పత్రంలోని ఖాళీ 1984లో, 1991లో రాసినదానిలోని ఖాళీ 2021లో బయటపడ్డాయి. ఇప్పుడున్నది ఫోన్లో కుదిరిన అవగాహన మాత్రమే. దాన్ని రాతలో పెట్టి, డ్రోన్‌ను అందులో చేర్చడం రెండు దేశాల సైన్యాలకూ చేతనైన పని. దానికి భూభాగంలో అంగుళం కూడా ఎవరూ వదులుకోనక్కరలేదు.